సర్వీసింగ్ తర్వాత ఇంజిన్ పట్టేసిందా? విప్పనివ్వకముందే చేయాల్సిన పనులు, పరిహారం అడిగే పద్ధతి

సర్వీసింగ్‌కి ఇచ్చి తెచ్చుకున్న కారు నాలుగు రోజులు తిరక్కముందే ఇంజిన్ పట్టేసి ఆగిపోయిందనుకోండి. గ్యారేజీకి ఫోన్ చేస్తే వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "పంపించేయండి, విప్పి చూసి చెప్తాం." చాలా క్లెయిములు అక్కడే చచ్చిపోతాయి. ఒకసారి విప్పేశాక సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఎంత ఆయిల్ మిగిలిందో, డ్రెయిన్ బోల్ట్ బిగువుగా ఉందో వేళ్లతో తిరిగేంత వదులుగా ఉందో, ఫిల్టర్ దగ్గర రబ్బరు రింగు ఒకటుందో రెండున్నాయో మళ్లీ ఎవరూ తేల్చలేరు. డబ్బు వస్తుందా రాదా అన్నది చాలావరకు మొదటి స్పానర్ పడకముందే తేలిపోతుంది. ఉత్తరాలు, నోటీసులు ఆ తర్వాతి సంగతి.

గొడవంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఏది ముందు పాడైంది? కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్ ఇరుసుకు కలిపే కడ్డీ) విరిగి, బ్లాక్‌కి చిల్లుపడి, ఆయిల్ కారిపోయిందా? లేక ఆయిల్ కారిపోయి, బేరింగ్ ఎండి, అప్పుడు రాడ్ విరిగిందా? మొదటిది తయారీ లోపం కావచ్చు, రెండోది సర్వీసింగ్‌లో జరిగిన తప్పు కావచ్చు. చూసేవాడికి మాత్రం రెండూ ఒకటే: రోడ్డు మీద ఆయిల్, బ్లాక్‌లో చిల్లు. తేడా చూపించే ఆధారాలు చిన్నవి, తుడిస్తే పోయేవి.

బండి ఆగిన గంటలో

ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ఆ దీపం ఆయిల్ ఎంతుందో చెప్పదు, ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. చాలా ఇంజిన్లలో దాని స్విచ్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ దగ్గర పనిచేస్తుంది. వేడెక్కిన ఇంజిన్ హైవే వేగంలో తిరగడానికి కావలసిన ప్రెషర్ దానికి ఎన్నో రెట్లు. అంటే దీపం వెలిగేసరికే బేరింగులు కష్టంలో ఉన్నాయన్నమాట. "గ్యారేజీ దగ్గర్లోనే కదా, మెల్లగా నడిపేద్దాం" అనుకుని నడిపిన ఆ రెండు కిలోమీటర్లే తర్వాత అవతలివాళ్లు మన మీద వాడే మొదటి ఆయుధం. హెచ్చరిక వచ్చినా నడిపారు కాబట్టి నష్టం పెరిగింది అంటారు, ఆ వాదనకు బలం కూడా ఉంటుంది.

వేడి ముల్లును పూర్తిగా నమ్మొద్దు. కూలెంట్ మొత్తం కారిపోతే టెంపరేచర్ సెన్సర్ నీళ్లలో కాకుండా గాలిలో ఉండిపోతుంది. అప్పుడు ముల్లు పైకి లేవకపోగా కిందికి కూడా దిగొచ్చు. హీటర్ పెడితే చల్లగాలి వస్తోందంటే సిస్టంలో కూలెంట్ లేదనో, గాలి పట్టేసిందనో అర్థం. గేజ్ మామూలుగానే ఉందని మీరు చెప్పేది నిజమే అయినా, ఈ సంగతి తెలియకపోతే అవతలివాళ్లు దాన్ని అబద్ధంగా చూపిస్తారు.

"ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనే మాట ఎవరన్నా వినొద్దు. టైమింగ్ బెల్ట్ (క్రాంక్‌తో పాటు వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే బెల్ట్) జారిన ఇంజిన్‌ని తిప్పిన ప్రతిసారీ ఇంకో వాల్వ్ వంగొచ్చు.

ఆ తర్వాత ఫోన్ తీయండి. కిలోమీటర్ రీడింగ్, వెలిగిన దీపాలు కలిసి కనిపించేలా డాష్‌బోర్డు; డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి తుడిచి మళ్లీ పెట్టి తీసింది; కూలెంట్ డబ్బా; ఇంజిన్ కింద నేల; వెనక రోడ్డు మీద ఆయిల్ చార ఉంటే అది ఎక్కడ మొదలైందో; బానెట్ కిందో డోర్ పక్కనో అంటించిన సర్వీస్ స్టిక్కర్. ప్రతిదానికీ దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. డిప్‌స్టిక్ చూసేటప్పుడు బండి సమంగా ఉండాలి, ఇంజిన్ ఆపి కనీసం 5 నిమిషాలు గడవాలి. దానికి వీడియో అయితే ఇంకా మంచిది.

బండిని ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించండి. టోయింగ్ డ్రైవర్ చేత అతని రసీదు మీదే రెండు ముక్కలు రాయించుకోండి: ఎక్కించేటప్పుడు ఇంజిన్ తిరగలేదు, కింద ఆయిల్ కారి ఉంది అని. అతనికి ఈ గొడవలో ఏ లాభమూ లేదు కాబట్టి ఆ రెండు ముక్కలకు మీ పది పేజీల కంటే విలువ ఎక్కువ.

బండి ఎక్కడికి పోవాలి? సర్వీస్ చేసిన చోటికి తప్ప ఎక్కడికైనా. వారంటీ ఉండి కంపెనీ అధీకృత వర్క్‌షాపే చూడాలంటే, అదే కంపెనీకి చెందిన ఇంకో డీలర్ దగ్గరికి పంపండి. తప్పు చేశాడని అనుమానం ఉన్నవాడి చేతికే తప్పు వెతికే పని ఇవ్వకూడదు. బ్యాటరీ వైరు కూడా ఎవరినీ తీయనివ్వొద్దు, కొన్ని కార్లలో దానితో పాటే ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో) నిలవున్న సమాచారం పోతుంది.

ఎన్ని కిలోమీటర్ల తర్వాత ఆగింది?

సర్వీసింగ్ తర్వాత పాడైంది కాబట్టి సర్వీసింగ్ వల్లే పాడైంది అన్న వాదన ఎక్కడా నిలవదు. కానీ ఒక్కో తప్పుకు ఒక్కో దూరం ఉంటుంది. ఆ లెక్క కుదిరితే అదే సగం సాక్ష్యం.

నిమిషాల్లో, లేదా కొన్ని పదుల కిలోమీటర్లలో బయటపడేవి ఆయిల్ ఫిల్టర్ తప్పులు. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్త ఫిల్టర్‌ని దాని మీదే బిగిస్తారు. ఐడిల్‌లో బాగానే ఉంటుంది. చల్లటి ఇంజిన్‌ని గట్టిగా తొక్కేసరికి ప్రెషర్ పెరిగి ఒక రింగు పక్కకు తోసుకుపోతుంది, సంప్‌లో ఉన్నదంతా చూస్తుండగానే రోడ్డు పాలవుతుంది. కాగితపు కార్ట్రిడ్జ్ ఫిల్టర్ ఉన్న కార్లలో ఇంకో తప్పు జరుగుతుంది. కొన్ని డిజైన్లలో మూతలో ఉండే ప్లాస్టిక్ కాడ పాత ఫిల్టర్‌తో పాటు ఊడి చెత్తబుట్టలోకి పోతుంది. అది లేకపోతే కొత్త కాగితం నలిగిపోతుంది, ఆయిల్ వడకట్టకుండానే తిరుగుతుంది. ఇది వెంటనే ఆపదు, వేల కిలోమీటర్లకు తెలుస్తుంది.

డ్రెయిన్ బోల్ట్ వదులైతే మొదట బొట్లు బొట్లుగా కారుతుంది. కొన్ని రోజులో, కొన్ని వందల కిలోమీటర్లో గడిచాక బోల్టే ఊడి పడిపోతుంది. దాన్ని బిగించాల్సిన టార్క్ చాలా కార్లలో 25 నుంచి 45 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది, పొడవాటి స్పానర్‌తో బలమంతా పెట్టి తిప్పే పని కాదు. అలా తిప్పితే అల్యూమినియం సంప్‌లో మర పోతుంది. ఆ మర మీద బోల్ట్ నిలబడినట్టే ఉండి కొన్నాళ్లకు జారిపోతుంది.

అన్నిటికన్నా విచిత్రమైనది ఇంకోటుంది. కొన్ని కార్లలో ఇంజిన్ సంప్ బోల్ట్, గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్ట్ పక్కపక్కనే ఉంటాయి. పనివాడు పొరపాటున గేర్‌బాక్స్ ఆయిల్ తీసేసి, కొత్త ఇంజిన్ ఆయిల్‌ని ఇంజిన్‌లో పోసేస్తాడు. ఇప్పుడు ఇంజిన్‌లో పాతదీ కొత్తదీ కలిసి దాదాపు రెట్టింపు, గేర్‌బాక్స్ ఖాళీ. నిండిపోయిన ఆయిల్‌ని క్రాంక్ గిలక్కొట్టి నురగ చేస్తుంది, నురగ బేరింగ్‌ని కాపాడలేదు. డీజిల్ ఇంజిన్ అయితే ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టం గుండా సిలిండర్లలోకి పోయి, కీ తీసేసినా ఇంజిన్ ఆగకుండా దానంతటదే పరుగు తీసే ప్రమాదం కూడా ఉంది. గేర్లు గట్టిగా పడుతున్నాయనీ ఇంజిన్ టకటక అంటోందనీ ఒకేసారి అనిపిస్తే ముందు ఇదే అనుమానించండి.

టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడు టెన్షనర్ సరిగ్గా సెట్ చేయకపోయినా, ఒకసారే వాడాల్సిన సాగే బోల్ట్‌ని మళ్లీ వాడినా, నష్టం కొన్ని పదుల కిలోమీటర్ల నుంచి కొన్ని వేల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు. కూలెంట్ మార్చి గాలి సరిగ్గా తీయకపోతే మొదటి పెద్ద ఎత్తు ఎక్కేటప్పుడో, మొదటి ట్రాఫిక్ జామ్‌లోనో తెలుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు సరిగ్గా పడకపోతే దుమ్ము లోపలికి పోయి రింగులు, సిలిండర్ గోడలు అరుగుతాయి. దానికి వేల కిలోమీటర్లు పడుతుంది. ఆయిల్‌లోనే తిరిగే టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్‌కి తప్పు స్పెసిఫికేషన్ ఆయిల్ పోస్తే బెల్ట్ మెత్తబడి పొరలు పొరలుగా రాలుతుంది. ఆ పొట్టు సంప్‌లోని జాలీని మూసేస్తుంది. ఇది ఒక్క సర్వీసుతో అయ్యేది కాదు, కాబట్టి ఇలాంటి కేసులో పాత బిల్లులన్నీ కావాలి.

లెక్క కుదరకపోతే నిజం ఒప్పుకోవడం మంచిది. ఆయిల్ మార్చిన 12,000 కిలోమీటర్లకు, మధ్యలో ఒక్కసారీ డిప్‌స్టిక్ చూడకుండా, ఆయిల్ తాగే ఇంజిన్ ఎండిపోయి ఆగితే ఆ సర్వీస్ చేసినవాడి మీద కేసు నిలబెట్టడం చాలా కష్టం.

విప్పకముందు తీసుకోవాల్సిన నాలుగు కొలతలు

ఇక్కడ స్వతంత్ర ఆటోమొబైల్ ఇంజినీర్‌ని పెట్టుకోండి. ప్రమాదాల సర్వేలు చేసే వాళ్లలో ఇంజిన్ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. సర్వీస్ చేసినవాళ్లకూ, కారు కంపెనీకీ తేదీ, సమయం రాతపూర్వకంగా చెప్పి, వాళ్లు వచ్చినా రాకపోయినా ఆ సమయానికే మొదలుపెట్టండి. పిలిచిన రుజువు ఉంటే "మాకు తెలియకుండా విప్పారు" అనే మాటకు తావుండదు.

మొదటిది ఈసీయూ. స్కానర్ పెట్టి కోడ్‌లన్నీ ప్రింట్ తీయించాలి, ముఖ్యంగా ఫ్రీజ్ ఫ్రేమ్. లోపం నమోదైన క్షణాన ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, బండి ఎంత స్పీడులో ఉంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది అనేవి అందులో ఉంటాయి. పి0524 అంటే ఆయిల్ ప్రెషర్ మరీ తక్కువ, పి0217 అంటే ఇంజిన్ అతిగా వేడెక్కింది, పి0016 అంటే క్రాంక్, క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒకదానితో ఒకటి సరిపోవడం లేదు. కోడ్‌లు క్లియర్ చేస్తే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. "క్లియర్ చేసి మళ్లీ వస్తుందేమో చూద్దాం" అనేది ఇక్కడ పనికిరాని పద్ధతి.

రెండోది డ్రెయిన్ బోల్ట్. ముట్టుకోకముందు బోల్ట్ తల నుంచి సంప్ మీదికి పెయింట్ మార్కర్‌తో ఒక అడ్డగీత గీయండి. ఫొటో తీయండి. ఆ తర్వాత టార్క్ రెంచ్ పెట్టి, ముందు బిగించే వైపు, కొద్ది టార్క్ నుంచి పెంచుకుంటూ పోతే గీత ఏ టార్క్ దగ్గర విడిపోయిందో తెలుస్తుంది. 10 న్యూటన్ మీటర్లకే కదిలిందంటే అది వదులుగా ఉన్నట్టే. తీశాక వాషర్ చూడండి. కొత్త రాగి లేదా అల్యూమినియం వాషర్ మీద ఒకే ఒక్క శుభ్రమైన ముద్ర పడుతుంది. పాతదాన్నే మళ్లీ వేసుంటే ఒకదాని మీద ఒకటి తప్పిన రెండు ముద్రలు కనిపిస్తాయి. బిల్లులో కొత్త వాషర్‌కి డబ్బు తీసుకుని ఉంటే ఈ ఒక్క ఫొటో చాలా మాట్లాడుతుంది.

మూడోది ఆయిల్ పరిమాణం. శుభ్రమైన పాత్రలోకి పూర్తిగా వడియనిచ్చి తూకం వేయండి. ఇంజిన్ ఆయిల్ లీటరు సుమారు 0.85 కిలోలు తూగుతుంది కాబట్టి గీతల డబ్బా కన్నా తూకమే నమ్మకం. చాలా కార్లలో డిప్‌స్టిక్ మీద కింది గీతకూ పై గీతకూ తేడా దాదాపు లీటరు. 4.2 లీటర్లు పట్టే ఇంజిన్‌లో 3.4 ఉంటే అది ఇంజిన్ పట్టేయడానికి కారణం కాదు, 0.9 మాత్రమే ఉంటే దాదాపు ఖాయంగా కారణమే.

నాలుగోది ఆయిల్ శాంపిల్. ధార మధ్యలోంచి పట్టాలి, మొదట వచ్చేదీ చివర వచ్చేదీ కాదు. 100 మిల్లీలీటర్ల కొత్త సీసాలు మూడు: ఒకటి ల్యాబ్‌కి, ఒకటి మీ దగ్గర, ఒకటి గ్యారేజీకి. సీలు వేసి, తేదీ, కిలోమీటర్లు, ఛాసిస్ నంబరు రాసి, అక్కడున్న అందరి సంతకాలు తీసుకోండి. ల్యాబ్‌ని ఊరికే "టెస్ట్ చేయండి" అనకూడదు, ఏం కావాలో అడగాలి. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం (గ్రేడు అంటే ఆయిల్ డబ్బా మీద W తర్వాత ఉండే అంకె): 20 గ్రేడుకి 6.9 నుంచి 9.3, 30 గ్రేడుకి 9.3 నుంచి 12.5, 40 గ్రేడుకి 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలి. ఇనుము, రాగి, సీసం, తగరం, అల్యూమినియం పాళ్లు ఏ భాగం అరిగిందో చెబుతాయి. సిలికాన్ ఎక్కువుంటే దుమ్ము, సోడియం లేదా పొటాషియంతో పాటు గ్లైకాల్ కనిపిస్తే కూలెంట్ కలిసింది. ఆక్సిడేషన్ కూడా అడగండి. 400 కిలోమీటర్ల కిందట మార్చామన్న ఆయిల్ ఏడాది నడిచినట్టు కాలిపోయి ఉంటే, అసలు మార్చలేదేమో అన్న అనుమానానికి అది బలమైన ఆధారం.

ఫిల్టర్ విప్పేటప్పుడు వీడియో ఆపొద్దు. విప్పాక ఫిల్టర్ వైపు, ఇంజిన్ వైపు రెండూ చూపించాలి. తర్వాత ఫిల్టర్ డబ్బాని కోయించి కాగితపు మడతలు విప్పి చూస్తే మెరిసే లోహపు పొట్టు కనబడుతుంది. డబ్బాని రంపంతో కోస్తే రంపపు పొట్టే అందులో పడుతుంది, అందుకు ప్రత్యేక కట్టర్ ఉంటుంది.

విప్పాక ఇంజిన్ ఏం చెబుతుంది

విప్పడానికి సంతకం పెట్టే ముందు కాగితం మీద మూడు ఉండాలి: విప్పే ఖర్చు ఎంత, క్లెయిమ్ తిరస్కరిస్తే అది ఎవరి నెత్తిన పడుతుంది, తీసిన భాగాలన్నీ మీ అనుమతి లేకుండా పారేయరు. "కంపెనీ చూసుకుంటుంది సార్" అన్న నోటిమాట మీద సంతకం పెట్టినవాళ్లకు తర్వాత విప్పిన బిల్లు, దాంతో పాటు రోజుకింత అని పార్కింగ్ బిల్లు కూడా వస్తాయి.

ఆయిల్ అందకపోతే కనెక్టింగ్ రాడ్ పెద్ద చివర ఉండే బేరింగులు ముందు పోతాయి. వాటికి ఆయిల్ మెయిన్ బేరింగుల్లోంచి క్రాంక్‌లో తొలిచిన సన్నటి దారుల గుండా చేరుతుంది, అందుకే వరసలో చివర వాటి వంతు. బేరింగ్ షెల్ మీది మెత్తటి లోహం పూసేసినట్టు చెదిరిపోతుంది, క్రాంక్ పిన్ వేడికి నీలంగా మారుతుంది. ఒక్కటే కాకుండా చాలా బేరింగులు, క్యామ్‌షాఫ్ట్ ఆనే చోట్లు కూడా అలాగే గీరుకుపోయి ఉంటే ఆయిల్ మొత్తానికే అందలేదని అర్థం. మిగతావన్నీ కొత్తవాటిలా ఉండి ఒక్క బేరింగే నాశనమైతే, ఆ ఒక్కదాని దారిలో అడ్డమో, ఆ భాగంలో లోపమో వెతకాలి. "ఏది ముందు" అన్న ప్రశ్నకు ఇంజిన్ ఇచ్చే స్పష్టమైన జవాబుల్లో ఇదొకటి. కనెక్టింగ్ రాడ్ వంగి ఉండి బేరింగ్ బాగుంటే సిలిండర్‌లోకి నీళ్లు పోయాయా అని చూడాలి. ఇంజిన్ మీద ప్రెషర్ వాష్ కొట్టి ఉంటే ఆ సంగతి కూడా రిపోర్టులోకి రావాలి.

వేడెక్కి పోయిన ఇంజిన్‌లో హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు. చాలా ఇంజిన్లలో ఒప్పుకునే వంపు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల లోపే. టైమింగ్ కేసులో క్రాంక్ తిప్పకముందే గుర్తులన్నిటికీ ఫొటోలు తీయాలి, తిప్పాక గుర్తులకు అర్థం లేదు.

ఇంజినీర్ రిపోర్టులో "సర్వీసింగ్ లోపం వల్ల కావచ్చు" అని ఉంటే అది పెద్దగా పనికిరాదు. ముందు పాడైన భాగం ఏది, ఎలా పాడైంది, మిగతా కారణాలను ఏ ఆధారంతో పక్కన పెట్టారు, సర్వీస్ తర్వాత నడిచిన దూరం దానికి సరిపోతుందా. ఈ నాలుగింటికీ సూటిగా జవాబు రాయమని ముందే అడగండి.

డబ్బు ఎవరిని అడగాలి

డీలర్ బోర్డు మీద కంపెనీ పేరే ఉన్నా, చాలాచోట్ల ఆ డీలర్ వేరే సంస్థ. పనిలో నిర్లక్ష్యం జరిగితే మొదటి బాధ్యత పని చేసి బిల్లు ఇచ్చినవాడిదే. కంపెనీ వారంటీ తయారీ లోపానికి. ఈ సందులోనే కారు యజమాని ఇరుక్కుంటాడు: డీలర్ "ఇది తయారీ లోపం" అంటాడు, కంపెనీ "ఇది సర్వీసింగ్ లోపం" అంటుంది, ఇద్దరూ నోటితోనే అంటారు.

దీనికి మందు, ఇద్దరికీ ఒకే రోజు, ఒకే వాస్తవాలతో, ఒకే ఉత్తరం పంపడం. ఒకరు రెండోవాళ్లను చూపిస్తే ఆ జవాబును రెండోవాళ్లకు జత చేసి పంపండి. "వారంటీ కింద రాదు" అని కంపెనీ రాస్తే, అయితే కారణం ఏమిటో, దానికి ఆధారం ఏమిటో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. వాళ్ల ప్రాంతీయ టెక్నికల్ ఇంజినీరే వచ్చి చూడాలని పట్టుబట్టండి, సర్వీస్ చేసిన డీలర్ పంపిన ఫొటోల మీద నిర్ణయం తీసుకోవడానికి ఒప్పుకోవద్దు.

కంపెనీని నేరుగా పట్టుకోగలిగే సందర్భాలు కొన్ని ఉన్నాయి. కంపెనీ ప్యాకింగ్‌లో వచ్చిన ఫిల్టరే లోపంతో ఉండటం, కంపెనీ అమ్మిన సర్వీస్ ప్యాకేజీ కిందే పని జరగడం, కంపెనీ చెప్పిన ఆయిల్, గడువు ప్రకారమే చేసినా ఇంజిన్ పోవడం, ఆ మోడల్‌కి రీకాల్ గానీ టెక్నికల్ బులెటిన్ గానీ ఉండటం. చివరిదాన్ని తప్పక వెతకండి. 2015లో అమెరికాలో హ్యుందాయ్ 2011, 2012 మోడల్ సొనాటా కార్లను రీకాల్ చేసింది. క్రాంక్‌షాఫ్ట్ తయారీలో మిగిలిన లోహపు పొట్టు ఆయిల్ దారులకు అడ్డుపడి బేరింగులు పోతున్నాయన్నది కారణం. బయటికి చూస్తే అది అచ్చం ఆయిల్ మార్చని ఇంజిన్ పట్టేసినట్టే ఉంటుంది. స్టెలాంటిస్ తన 1.2 ప్యూర్‌టెక్ పెట్రోల్ ఇంజిన్లకు బెల్ట్ అరుగుదల, ఆయిల్ ఎక్కువగా తాగడం విషయంలో యూరప్‌లో 10 ఏళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా కవరేజ్ పెంచింది, అయితే సర్వీసింగ్ రికార్డులు చూపించాలి. బిల్లులు దాచుకోవడం ఎందుకో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

బయటి మెకానిక్ దగ్గర ఆయిల్ మార్పించారు కాబట్టి వారంటీ పోయింది అన్న మాట విని వెనక్కి తగ్గొద్దు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప ఫలానా బ్రాండు భాగమో, ఫలానా సర్వీసో వాడితేనే వారంటీ అని షరతు పెట్టకూడదు. యూరప్‌లోనూ స్వతంత్ర గ్యారేజీలో సర్వీస్ చేయించినంత మాత్రాన వారంటీ పోదు. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ఏ పనైనా తగిన జాగ్రత్తతో, నైపుణ్యంతో చేయాలంటుంది. భారత్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84, 85, 86 సెక్షన్లలో తయారీదారు, సర్వీస్ ఇచ్చినవాడు, అమ్మినవాడు ముగ్గురి బాధ్యతలనూ విడివిడిగా చెప్పింది. ముగ్గురినీ ఒకే ఫిర్యాదులో చేర్చవచ్చు. గడువు సాధారణంగా రెండేళ్లు. మీరుండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ల్యాబ్ పరీక్ష లేకుండా వస్తువులో లోపం తేలకపోతే 38వ సెక్షన్ కింద కమిషనే శాంపిల్‌ను ల్యాబ్‌కి పంపగలదు, అందుకే మీ దగ్గరున్న సీసా పారేయకూడదు. ముందు 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే ఖర్చు లేకుండా కొన్ని అక్కడే తేలతాయి.

ఉత్తరం ఎలా ఉండాలి

కోపం ఒక్క వాక్యంలో కూడా కనిపించకూడదు. అంకెలు మాత్రమే మాట్లాడాలి. మచ్చుకి ఇలా:

"ఫలానా తేదీన 48,210 కిలోమీటర్ల దగ్గర మీ వర్క్‌షాప్‌లో ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చారు. జాబ్ కార్డ్, బిల్లు జతపరిచాం. 48,255 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగింది, వెంటనే ఇంజిన్ ఆపాం, మళ్లీ స్టార్ట్ చేయలేదు. మీకు ముందుగా తెలియజేసిన తేదీన జరిగిన పరీక్షలో సంప్‌లో 0.9 లీటర్ల ఆయిల్ ఉంది, ఉండాల్సింది 4.2 లీటర్లు. ఫిల్టర్ దగ్గర రెండు సీలు రింగులు దొరికాయి. ఇంజినీర్ రిపోర్టు, ఫొటోలు, ల్యాబ్ ఫలితం జతపరిచాం. ఇంజిన్ మార్పిడి ఖర్చు, టోయింగ్, పరీక్ష ఖర్చు, ప్రత్యామ్నాయ వాహనం ఖర్చు కలిపి వివరాల పట్టిక ప్రకారం చెల్లించవలసిందిగా కోరుతున్నాం. 14 రోజుల్లో రాతపూర్వక జవాబు ఇవ్వండి. బాధ్యత మీది కాదనుకుంటే మీ దృష్టిలో కారణమేమిటో ఆధారాలతో తెలపండి. భాగాలన్నీ భద్రంగా ఉన్నాయి, మీ ప్రతినిధి వచ్చి చూడవచ్చు."

ఒక పేజీ దాటనివ్వొద్దు. ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. ఫోన్‌లో ఏదైనా మాట్లాడితే అదే రోజు "మీరు ఫోన్‌లో ఇలా చెప్పారు" అని మెయిల్ పెట్టండి, కాదంటే వాళ్లే కాదని రాస్తారు.

వాళ్లు బేరానికి దిగితే

కంపెనీలు బాధ్యత ఒప్పుకోకుండానే "గుడ్‌విల్" పేరుతో కొంత ఇస్తామంటాయి. సాధారణంగా భాగాల ధరలో ఇంత శాతం మాది, లేబర్ మీది అనే రూపంలో ఉంటుంది. బండి వయసు, కిలోమీటర్లు, సర్వీస్ రికార్డు చూసి ఆ శాతం కడతారు. మొదటి ఆఫర్ చివరిది కావడం అరుదు. రిపోర్టు బలంగా ఉంటే లేబర్ కూడా అడగండి.

ఏ ఇంజిన్ వేస్తున్నారో కాగితం మీద ఉండాలి: కొత్తదా, కంపెనీ మళ్లీ తయారు చేసిందా, ఇంకో బండిలోంచి తీసిందా, షార్ట్ బ్లాక్ (హెడ్ లేని కింది భాగం) మాత్రమేనా. షార్ట్ బ్లాక్ అయితే పాత హెడ్, పాత టర్బో, పాత ఆయిల్ కూలర్ దాని మీదికే వస్తాయి. పాత ఇంజిన్‌లో రాలిన లోహపు పొట్టు ఆయిల్ కూలర్‌లో దాక్కుని కొత్త బేరింగులను కొన్ని వందల కిలోమీటర్లలోనే తినేస్తుంది. కూలర్ మార్చాలి, ఆయిల్ పైపులు కడగాలి, టర్బోకి ఆయిల్ తెచ్చే పైపు కొత్తది వేయాలి. ఎస్టిమేట్‌లో ఇవి లేకపోతే అడిగి చేర్పించండి. లేదంటే ఆరు నెలల్లో ఇదే కథ, ఈసారి గొడవ ఇంకా చిక్కుగా. మీ పాత ఇంజిన్‌కి బదులు కొత్తది వస్తోంది కాబట్టి కొంత కోత వేస్తామని కూడా అనొచ్చు. ఎక్కువ నడిచిన బండిలో అది పూర్తిగా అన్యాయం కాదు, ఎంత అన్నదే బేరం.

"పూర్తి, తుది పరిష్కారం" అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టాక మళ్లీ అడగడానికి దాదాపు ఏమీ మిగలదు. పని పూర్తయి, బండి నడిచి, కొత్త ఇంజిన్ మీద వారంటీ ఎన్ని నెలలో రాసిచ్చాకే అలాంటిది పెట్టండి. ఇంజిన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్ పత్రాల్లోనూ ఇన్సూరెన్స్ పాలసీలోనూ మార్పించాలి, దానికి కావలసిన ఇన్‌వాయిస్ డీలర్ దగ్గరే అడిగి తీసుకోండి. బండి ఇంటికి తెచ్చిన రోజు, చల్లబడ్డాక డిప్‌స్టిక్ చూసి ఫొటో తీయండి. 50 కిలోమీటర్లకు ఒకసారి, 500కి ఒకసారి మళ్లీ చూసి, రాత్రంతా ఇంజిన్ కింద ఒక తెల్ల అట్టముక్క పరిచి ఉంచండి.